పెంచి రాసిన కొత్త లెక్క కన్నా పదిహేనేళ్ళ పాత లెక్కే మేలు

దర్శి, పొదిలి వైపు మెట్ట మండలాల్లో ఒకదానికి తయారైన వేసవి తాగునీటి ప్రణాళిక నకలును మొన్న ఒక మిత్రుడు నాకు పంపాడు. ఆయన గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి ఉద్యోగ విరమణ పొందినవాడు. నేను కళాశాలలో గణాంక శాస్త్రం చెప్పినవాడిని కాబట్టి అంకెలున్న కాగితం ఏది కంటబడినా నాకు పంపడం ఆయనకు అలవాటు. ఆవాసాల పేర్లు, బోర్లు ఎన్ని, వాటిలో ఎండినవి ఎన్ని, రోజుకు ఎన్ని ట్యాంకర్లు తోలాలి అన్న వివరాలు వరుసగా ఉన్న ఆ పట్టికలో ఒక గడికి 'ప్రస్తుత జనాభా' అని పేరు పెట్టారు. ప్రతి ఊరికీ ఒకట్ల స్థానం దాకా అంకె ఉంది. సున్నాతో ముగిసే సంఖ్య కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఎవరో ఈమధ్యనే ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టి వచ్చారేమో అనిపించేలా ఉంది వరుస.

ఎవరూ తిరగలేదు. 2011 జనగణనలో ఆ ఊరికి ఉన్న అంకెను తీసుకుని, 2001 నుంచి 2011 దాకా జిల్లా పెరిగిన రేటును మరో పదిహేనేళ్ళకు సాగదీసి, దానితో హెచ్చవేశారు. కొన్ని ఊళ్ళ అంకెలను 2011 అంకెలతో భాగించి చూశాను. ప్రతిచోటా ఒకే గుణకం తేలింది.

ఈ పద్ధతి ఆ మండలానికి మాత్రమే పరిమితమైనది కాదు. 2021లో జరగవలసిన గణన జరగకపోవడంతో కార్యాలయాల్లోనూ పత్రికల్లోనూ విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లోనూ ఇది మామూలైపోయింది. దీని మీద నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఒక ఊరి జనాభా, ఒక మండల జనాభా కావలసి వచ్చినప్పుడు 2011 అంకెను 2011 అంకెగానే, ఆ సంవత్సరాన్ని పక్కన చూపి వాడాలి. జిల్లా రేటుతో పెంచి 'ప్రస్తుతం' అని రాసిన అంకె దానికన్నా తక్కువ సమాచారాన్నిస్తుంది, ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది. ఇవాళ్టి సంఖ్య నిజంగా అవసరమైతే ఆ ఊళ్ళో ఇళ్ళు లెక్కపెట్టించాలి తప్ప జిల్లా సగటును ఊరి మీదికి దించకూడదు.

రెండు జిల్లాలు, ఒకే రేటు

జిల్లా రేటు ఊరికి ఎందుకు పనికిరాదో చెప్పడానికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలను మించిన ఉదాహరణ దొరకదు. 2001లో నెల్లూరు జిల్లా జనాభా 26,68,564. 2011లో 29,63,557. అవే సంవత్సరాల్లో ప్రకాశం జిల్లా 30,59,423 నుంచి 33,97,448కి చేరింది. భాగించి చూసుకోండి, రెండు జిల్లాల దశాబ్దపు పెరుగుదలా 11.05 శాతమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం పెరుగుదల కూడా ఇంచుమించు పదకొండు శాతమే. పాఠం చెప్పే రోజుల్లో ఈ అంకెలను నల్లబల్ల మీద రాసి, ఈ రెండు జిల్లాల గురించి మీకు ఏమి తెలిసింది అని అడిగేవాడిని. రెండూ ఒకే తీరున పెరిగాయి సార్ అని జవాబు వచ్చేది.

కనిగిరి మెట్టలో పుట్టినవాడు గానీ, ముత్తుకూరు దగ్గర కాపురమున్నవాడు గానీ ఆ జవాబు చెప్పడు. కృష్ణపట్నం ఓడరేవు 2008లో మొదలైంది. దాని వెనకే విద్యుత్ కేంద్రాలు, నూనె శుద్ధి కర్మాగారాలు, లారీల అడ్డాలు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కూలీలకు వేసిన రేకుల వసతులు వచ్చాయి. అదే కాలంలో పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ళు, ఎండిన బోర్లు, బేల్దారి పనులకు హైదరాబాదుకూ బెంగళూరుకూ పోయిన కుటుంబాలు. ఒకచోట చేరిక, మరొకచోట ఖాళీ. ఇవన్నీ కలిపి జిల్లా స్థాయిలో కూడితే ఎక్కువతక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పదకొండు శాతంగా తేలాయి. ఆ తేలిన అంకెను తిరిగి ప్రతి ఊరికీ పంచితే, పెరగని ఊరు పెరిగినట్టూ, రెండింతలైన ఊరు కాస్తంత పెరిగినట్టూ కాగితం మీద కనిపిస్తుంది.

పైగా ఆ రేటు తరువాతి పదిహేనేళ్ళలో కొనసాగిందనడానికి ఆధారమేమీ లేదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.7గా తేలింది. తరం తనను తాను భర్తీ చేసుకోవడానికి కావలసిన 2.1 కన్నా అది బాగా తక్కువ. ఏళ్ళ తరబడి పిల్లలు తగ్గుతూ వస్తున్న చోట పాత దశాబ్దపు రేటును ముందుకు సాగదీస్తే ఏ వైపు తప్పు పోతామో ఊహించడం కష్టం కాదు. 11.05 శాతాన్ని పదిహేనేళ్ళకు చక్రవడ్డీ లెక్కన కట్టితే సుమారు 17 శాతం అవుతుంది. 2011లో వెయ్యి మంది ఉన్న ఊరిని ఇవాళ 1,170 అని రాస్తారు. ఆ ఊళ్ళో బడి మూతబడి ఉండవచ్చు, సగం ఇళ్ళకు తాళాలు ఉండవచ్చు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది నా మిత్రుడికి చెప్పినప్పుడు ఆయన కాసేపు ఆలోచనలో పడ్డాడు. అన్ని ఊళ్ళనూ ఒకే గుణకంతో పెంచినప్పుడు ఊళ్ళ మధ్య నిష్పత్తి మారదు. 2011లో మండల జనాభాలో పదో వంతు ఉన్న ఊరు పెంచిన పట్టికలోనూ పదో వంతే. ఉన్న ట్యాంకర్లను ఊళ్ళకు పంచడమే పని అయితే పాత అంకెతో పంచినా పెంచిన అంకెతో పంచినా ఏ ఊరి వాటా ఒక్క బిందె కూడా మారదు. మరి హెచ్చవేసి సాధించినదేమిటి? పట్టికకు కొత్తదనపు రంగు వచ్చింది, అంతే.

గడపకు అడ్డంగా కంప

2011 గణన కూడా ఊరి జనాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకుందని అనలేం. ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు లెక్కపెట్టారన్నది తెలియకుండా ఆ అంకెను వాడేవారే ఎక్కువ.

మా తోడల్లుడు ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. 2011 ఫిబ్రవరిలో ఆయనకు గణన పని పడింది. ఒక పూట ఆయన వెంట నేనూ తిరిగాను. ఊరి చివర పల్లెలో ఒక ఇంటి ముందు ఆగాం. తాళం లేదు. గడపకు అడ్డంగా చిల్లకంప పెట్టి ఉంది, అరుగు మీద రెండు బిందెలు బోర్లించి ఉన్నాయి, గోడకు ముందు ఏడాది ఇళ్ళ జాబితా వేసినప్పుడు రాసిన నంబరు ఇంకా చెరగలేదు. పక్కింటి ముసలమ్మ వచ్చి, "గుంటూరు పక్క మిరపకాయలకు పోయినారయ్యా. పిల్లోళ్ళను కూడా తోలుకుపోయినారు. ఉగాది దాటితే గాని రారు" అంది. ఇరవై ఎనిమిదో తేదీ లోపల వస్తారా అని ఆయన అడిగాడు. రారు అంది. ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకుని కదలబోతుంటే, "ఇల్లు ఈడుంది, కార్డు ఈడుంది. మడుసులు మాత్రం ఈ ఊరోళ్ళు కాదా?" అని ఆమె నిలదీసింది.

నిబంధన ప్రకారం ఆయన చేసింది సరైనదే. ఆ ఏడాది గణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది, మార్చి 1 నుంచి 5 దాకా మరోసారి సరిచూసుకున్నారు. ఆ ఇరవై రోజుల్లో ఏ కొద్ది రోజులైనా ఇంట్లో ఉన్నవారిని, లేదా ఆ లోపల తిరిగి వస్తారని తెలిసినవారిని అక్కడే లెక్కపెట్టాలి. మొత్తం కాలం బయట ఉన్నవారిని వారు ఉన్నచోట లెక్కపెట్టాలి. అంటే ఆ కుటుంబాన్ని గుంటూరు జిల్లాలో ఏదో మిరప చేను గట్టున, పట్టాలు కప్పి వేసుకున్న గుడిసెలో అక్కడి గణకుడు రాసుకోవాలి. అక్కడ ఇళ్ళ జాబితా తయారైంది అంతకుముందు సంవత్సరం ఏప్రిల్, జూన్ నెలల మధ్య. అప్పటికి ఆ గుడిసె పుట్టనే లేదు. గణకుడు చేలవెంట తిరిగి ఉంటే రాసుకుని ఉంటాడు. తిరగకపోతే ఆ కుటుంబం రెండు జిల్లాల లెక్కలోనూ లేదు.

ఇలా తప్పిపోయినవారు ఉంటారని జనగణన శాఖకూ తెలుసు. గణన ముగిశాక కొన్ని బ్లాకుల్లో, అంటే ఒక్కో గణకుడికి అప్పగించిన ప్రాంతాల్లో, మళ్ళీ లెక్కపెట్టి సరిచూసే సర్వే ఒకటి ఉంటుంది. 2011లో దాని ప్రకారం దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది నికరంగా లెక్కకు రాలేదు. ఇంత పెద్ద దేశంలో ఇది గొప్ప పనితనమే, అందులో సందేహం లేదు. అయితే ఆ ఇరవై మూడు ప్రతి వెయ్యిలోనూ సమానంగా పరచుకుని ఉండదు. నెల్లూరు జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగలవారు 2011లో 9.65 శాతం, వారిలో అత్యధికులు యానాదులు. రొయ్యల గుంటల కాపలాకూ, బాతుల మందల వెంటా, ఇటుక బట్టీల దగ్గరికీ తావు మారుతుండే ఈ కుటుంబాలు కాలువ గట్టు మీదో చెరువు కట్ట వెనకో ఉంటాయి. బ్లాకు నక్షాలో గుడి ఉంటుంది, బడి ఉంటుంది, కట్ట వెనక గుడిసెలు ఉండాలన్న హామీ లేదు. తప్పిపోయే అవకాశం ఎవరికి ఎక్కువో జిల్లాలో తిరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఫిబ్రవరి సంగతి నీటి ప్రణాళికకు నేరుగా తగులుతుంది. మిరప కోతలకు పోయినవారు మే నెలకు ఊళ్ళో ఉంటారు. బేల్దారి పనులకు పోయినవారిలో కొందరు తిరునాళ్ళకూ పెళ్ళిళ్ళకూ ఆ నెలల్లోనే వస్తారు. ట్యాంకరు వచ్చేదీ అప్పుడే. ఫిబ్రవరిలో ఖాళీ అయ్యే ఊరికి ఫిబ్రవరి అంకెతో మే నెల నీళ్ళు లెక్కగడుతున్నాం. జిల్లా రేటుతో పెంచడం వల్ల ఈ లోటు భర్తీ అవుతుంది కదా అని మిత్రుడు అన్నాడు. కొన్ని ఊళ్ళలో అవుతుంది కూడా, కానీ కాకతాళీయంగా. వలస లేని ఊరికి అనవసరంగా పెరుగుతుంది, సగం ఊరు తరలిపోయే చోట చాలదు.

ఏ జిల్లా, ఏ ఊరు

హద్దుల గొడవ కొంత త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసినదే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, ఆపైన గుంటూరుకు పోయింది. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. 2022 ఏప్రిల్‌లో గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు భాగం తిరుపతి జిల్లాలోకీ, అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాలోకీ పోయాయి, కందుకూరు నెల్లూరులో కలిసింది. 2025 చివరలో మార్కాపురం వేరే జిల్లా అయింది. కొత్త గణన కోసం పాలనా హద్దులను మార్చకూడదని పెట్టిన గడువు సరిగ్గా ఆ డిసెంబరు 31నే.

దీని ఫలితం చూడండి. నెల్లూరు జిల్లా 2011 జనాభా ఎంత అంటే 29.6 లక్షలు అన్నది సరైన జవాబు. 24.7 లక్షలన్నదీ సరైన జవాబే, అది 2022 హద్దులకు కట్టిన లెక్క. ప్రకాశానికీ అంతే, 34 లక్షలు ఒకటి, 22.9 లక్షలు మరొకటి. 'జిల్లాలో తగ్గిన జనాభా' అని ఎవరైనా శీర్షిక పెడితే కాదనడానికి రెండు అంకెలూ ఒకే జనగణనవని చెప్పి ఒప్పించాలి. జిల్లాలు మారినప్పుడల్లా పాత పట్టికలతో పోల్చదగినవి రెవెన్యూ గ్రామాల అంకెలు మాత్రమే. ప్రతి గ్రామానికీ జనగణనలో ఒక కోడ్ సంఖ్య ఉంటుంది. స్థానిక గణాంకాలతో పనిచేసేవారు పేరును నమ్మకుండా కోడ్‌ను పట్టుకుంటే సగం తలనొప్పి తీరుతుంది. కొత్తపల్లి, కొత్తపాలెం, చిన్న ఫలానా, పెద్ద ఫలానా మన రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చడానికే వేరే గణన కావాలి.

అయితే రెవెన్యూ గ్రామం అంటే జనం అనుకునే ఊరు కాదు. ఒక రెవెన్యూ గ్రామంలో అసలు ఊరు, రెండు మూడు మజరాలు (శివారు పల్లెలు), ఎస్టీ కాలనీ, పునరావాస కాలనీ ఉండవచ్చు. పంచాయతీ హద్దు వేరుగా ఉండవచ్చు. గ్రామంలో ఒక్కరూ నివసించకపోయినా బేచిరాకు గ్రామంగా జాబితాలో పేరు నిలుస్తుంది, జనాభా గడి సున్నాగా ఉంటుంది. వెలిగొండ ముంపు గ్రామాలవారు తరలిపోయిన చోట్ల రేపు ఇలాంటి గడులు కొన్ని కనిపిస్తాయి. జనగణన ప్రచురించేది రెవెన్యూ గ్రామపు మొత్తం. ట్యాంకరు పోవలసింది ఆవాసానికి. మొత్తాన్ని ఆవాసాలకు ఎవరో ఎప్పుడో ఉజ్జాయింపుగా విడగొట్టి ఉంటారు, ఆ విడగొట్టిన అంకెకే మళ్ళీ గుణకం వేశారు. ఆ పట్టికలో ఒకట్ల స్థానం దాకా కనిపించిన కచ్చితత్వం ఈ దారిన వచ్చింది.

గ్రామస్థాయి పట్టికలో ఏముందో కూడా తెలుసుకోవాలి. కుటుంబాలు, స్త్రీ పురుషులు, 0-6 ఏళ్ళ పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, అక్షరాస్యులు, పనిచేసేవారి వర్గాలు. అంతవరకే. ఊళ్ళో అరవై దాటినవారెందరు అంటే అందులో జవాబు లేదు, వయసుల పట్టికలు జిల్లా స్థాయివి. ఊళ్ళో యానాదులెందరు, ఎరుకలవారెందరు, చెంచులెందరు అన్నా లేదు, ఎస్టీల మొత్తం మాత్రమే ఉంటుంది. వలసల పట్టికలైతే గణన జరిగిన ఎన్నో ఏళ్ళకు వచ్చాయి. అయినా ఊరి వయోవృద్ధుల సంఖ్యను పూర్ణాంకంలో చూపే నివేదికలు నేను చదివాను. జిల్లా శాతాన్ని ఊరి మీదికి దించి వాటిని తయారుచేశారు. వలస ఊళ్ళలో ఇళ్ళ దగ్గర మిగిలేది ముసలివాళ్ళే కాబట్టి సరిగ్గా సాయం అవసరమైన ఊళ్ళలోనే ఆ అంకె తక్కువ చూపుతుంది.

తొమ్మిది వందల ఇళ్ళతో మండలాన్ని చెప్పగలమా

జనగణన పాతబడింది కాబట్టి ఈమధ్య జరిగిన నమూనా సర్వేలను వాడదాం అనేవారు ఉన్నారు. సర్వేల మీద నాకు గౌరవం ఉంది, జీవితమంతా వాటి గురించే పాఠం చెప్పాను. కానీ అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో జిల్లాకు వచ్చిన ఇళ్ళు సగటున తొమ్మిది వందల లోపు. జిల్లా మొత్తానికి ఒక శాతం చెప్పడానికి అవి సరిపోతాయి. జిల్లాలో యాభై దాకా మండలాలు ఉన్నప్పుడు ఒక మండలం వాటాకు సగటున ఇరవై ఇళ్ళు కూడా రావు, కొన్ని మండలాలకు అసలు రావు. ఆ సర్వే నివేదికల్లోనే 25 నుంచి 49 మంది మీద ఆధారపడ్డ అంకెను బ్రాకెట్లలో పెట్టి, 25 కన్నా తక్కువైతే అంకె చూపకుండా నక్షత్రం గుర్తు వేస్తారు. సర్వే చేసినవారే చెప్పడానికి వెనకాడిన చోట మనం ఆ శాతాన్ని మండల జనాభాతో హెచ్చవేసి 'రక్తహీనత ఉన్న స్త్రీల సంఖ్య' అని రాయడం ఏ లెక్క ప్రకారం న్యాయమో నాకు అర్థం కాదు. సర్వే శాతాన్ని చెబుతుంది, తలల సంఖ్యను చెప్పదు. తలల సంఖ్యకు అది మళ్ళీ జనగణన మీదే ఆధారపడుతుంది.

మిత్రుడి అభ్యంతరం

ఇదంతా విని మిత్రుడు, "మాస్టారూ, మీరు చెప్పినట్టు 2011 అంకె వేసి పంపితే పై నుంచి ఫైలు తిరిగొస్తుంది. మనిషికి రోజుకు యాభై అయిదు లీటర్లు అన్నారు, మనుషులెందరో చెప్పాలి గదా" అన్నాడు. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జలజీవన్ మిషన్ ప్రమాణం గురించి ఆయన మాట. ఇది తేలిగ్గా తోసేయదగిన అభ్యంతరం కాదు. వాటాలు పంచడానికి పాత అంకె చాలుతుంది గానీ మొత్తం ఎన్ని లీటర్లు అన్నదానికి ఇవాళ్టి మనుషులు కావాలి. ఇంకా బలమైన వాదన ఒకటుంది. పాత అంకెను పట్టుకు కూర్చుంటే నష్టపోయేది పెరిగిన ఊళ్ళు. పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాలకు పంచడంలో 2011 జనాభాకు 90 శాతం బరువు ఇచ్చింది. ఆహార భద్రత చట్టం కింద ఎందరికి బియ్యం అన్నదీ ఆ అంకె మీదే నిలిచింది. ఓడరేవు చుట్టుపక్కల పంచాయతీలకు ఇది అన్యాయమే. నా వాదం వారికి చల్లగా వినిపించదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ వారికి జిల్లా రేటుతో పెంచిన అంకె కూడా న్యాయం చేయదు. రెండింతలైన పంచాయతీకి పదిహేడు శాతం పెంచి ఇచ్చి, అందరికీ సమంగా పెంచామని సమాధానపడడం జరుగుతుంది.

మరి ఏమి చేయాలి? గ్రామ సచివాలయాల్లో కుటుంబాల జాబితాలు ఉన్నాయి, బియ్యం కార్డులు ఉన్నాయి, ఓటరు జాబితా ఉంది, కరెంటు కనెక్షన్లు ఉన్నాయి, బడి హాజరు పట్టీ ఉంది, జనన మరణాల నమోదు ఉంది. వీటిలో ప్రతి ఒక్కటీ జనాభా కాని వేరేదాన్ని లెక్కపెడుతుంది. ఓటరు జాబితాలో బెంగళూరులో కాపురమున్న కొడుకు పేరు ఊళ్ళోనే ఉంటుంది. కార్డుల్లో ఒకే పొయ్యి దగ్గర తినే ఇల్లు రెండు కుటుంబాలుగా ఉంటుంది, పథకాలు కుటుంబానికి ఒకటి అన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు, తప్పు పట్టలేం. జననాల నమోదు సంఘటన జరిగిన చోట జరుగుతుంది కాబట్టి ఉదయగిరి పల్లెలో ఉండే అమ్మాయి నెల్లూరు ఆసుపత్రిలో కంటే ఆ జననం నెల్లూరు పట్టణానిది. జనగణనకు ఉన్న బలం ఇక్కడే తెలుస్తుంది. అక్కడ ఇచ్చిన జవాబు వల్ల కార్డు రాదు, పోదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాన్ని ఎవరూ తెరిచి చూడడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. అబద్ధం చెప్పి పొందేది లేదు, నిజం చెప్పి పోగొట్టుకునేదీ లేదు.

అందువల్ల కార్డులూ కనెక్షన్లూ సంఖ్య కోసం కాకుండా దిశ కోసం చూడాలని నా మతం. గృహ కరెంటు కనెక్షన్లలో నెలల తరబడి కనీస బిల్లు మాత్రమే వచ్చేవి ఎన్ని? బడిలో ఒకటో తరగతి పిల్లలు పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎంతకు దిగారు? ఈ రెండు ప్రశ్నలతో మండలంలోని ఊళ్ళను పెరిగినవి, నిలిచినవి, తరిగినవి అని మూడు కుప్పలుగా విడగొట్టవచ్చు. పెరిగినవీ తరిగినవీ అని అనుమానం వచ్చిన ఊళ్ళలో మాత్రం సచివాలయ సిబ్బంది చేత మే నెలలో ఇళ్ళు లెక్కపెట్టించాలి. పొయ్యి వెలుగుతున్న ఇళ్ళెన్ని, గత వారం రోజులుగా అక్కడ పడుకున్నవారెందరు, ఈ రెండే ప్రశ్నలు. పేర్లు వద్దు, కార్డు నంబర్లు వద్దు, ఆధార్ అసలే వద్దు. అవి అడిగిన క్షణం నుంచి జవాబు మారిపోతుంది. ఒక ఆవాసానికి ఇది పెద్ద పని కాదు. మిగతా ఊళ్ళకు 2011 అంకెనే వేసి సంవత్సరం రాస్తే చాలు.

ఇలాంటి లెక్కలు తలా ఒక రకంగా చేస్తే ఊళ్ళను ఒకదానితో ఒకటి పోల్చలేమన్న భయం నాకు లేకపోలేదు. ఒక సచివాలయం జాగ్రత్తగా చేస్తుంది, మరొకటి బల్ల దగ్గర కూర్చుని నింపుతుంది. దీనికి నా దగ్గర పూర్తి విరుగుడు లేదు. పదింట ఒక ఊరిని వేరే ఊరి సిబ్బంది చేత మళ్ళీ లెక్కపెట్టించడం ఒక దారి. జనగణన శాఖే తన లెక్కను అలా సరిచూసుకుంటున్నప్పుడు మండలం చేసుకుంటే నామోషీ ఏముంది?

2027లో

కొత్త గణనకు ఆధార ఘడియ, అంటే ఏ క్షణానికి జనాభా లెక్క చూపుతారో అది, 2027 మార్చి 1. ఇళ్ళ జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య, మనుషుల లెక్క ఫిబ్రవరిలో. ఈసారి సెల్‌ఫోన్లలో నింపుతారు, ఇష్టమైనవారు తమ వివరాలు తామే నమోదు చేసుకోవచ్చు, కులం కూడా అడుగుతారు. ఆవాసాల వారీగా లెక్క ఇవ్వడానికి పాత కాగితపు పద్ధతిలో ఉన్న అడ్డంకులు ఈసారి తక్కువ. ఆవాసాల మొత్తాలనూ, పాత గ్రామ కోడ్‌కూ కొత్త కోడ్‌కూ జత కలిపే పట్టికనూ కలిపి ప్రచురిస్తే మండల స్థాయిలో పనిచేసేవారికి అంతకన్నా మేలు చేసే పని మరొకటి లేదు. కానీ ఫిబ్రవరి ఫిబ్రవరే. మిరప కోతలు అప్పుడే, పొగాకు ఆకును పక్వం చేసే బేరన్లు మండేదీ అప్పుడే, చేలగట్ల మీద గుడిసెలు అప్పుడూ ఉంటాయి. సాంకేతికత మారినంత మాత్రాన గణకుడు ఆ గట్టు దాకా నడవకపోతే ఫోనుకు ఆ గుడిసె తెలియదు. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో గణనను పర్యవేక్షించే చార్జి అధికారులకు ఈ కూలీ గుడిసెల జాబితాను జనవరిలోనే తయారు చేయించడం సాధ్యమే. ప్రకాశం, మార్కాపురం మండలాల నుంచి ఏ మేస్త్రీ ఎన్ని కుటుంబాలను ఎటు తీసుకుపోయాడో ఆ ఊళ్ళలో అడిగితే ఎవరైనా చెబుతారు.

ఆ ప్రణాళిక విషయానికొస్తే, 'ప్రస్తుత జనాభా' గడిని మూడుగా విడగొట్టి, 2011 జనాభా, ఊరు పెరిగిందా తరిగిందా, మే నెలలో లెక్కించిన తలలు అని ఒక నమూనా పట్టిక తయారుచేసి మిత్రుడి చేత మండలానికి పంపించాను. అక్కడి ఇంజనీరు చదివి, సబబుగానే ఉందన్నాడట. పైకి పంపే ఆన్‌లైన్ పత్రంలో మాత్రం జనాభాకు గడి ఒకటే ఉందనీ, అది ఖాళీగా వదిలితే పత్రం ముందుకు కదలదనీ చెప్పాడట. ప్రస్తుతానికి 2011 అంకె వేసి, వివరణ గడిలో సంవత్సరం రాసి పంపమని చెప్పాను. ఫైలు ఇంకా తిరిగి రాలేదు.